41 రోజులు మానగలిగిన మేస్త్రీ నాలుగో రోజుకే ఎందుకు ఓడిపోయాడు?

ఈ కేసులో నేను రెండు చోట్ల తప్పాను. రెండింటికీ ఆధారం పేషెంటు ముందే చెప్పేశాడు, నేనే పట్టించుకోలేదు. అందుకని రాసి పెడుతున్నాను.

కోస్తాలో ఒక చిన్న పట్టణంలో జనరల్ ప్రాక్టీస్ నాది. పేషెంటు నలభైల్లో ఉన్న సెంట్రింగ్ మేస్త్రీ, అంటే స్లాబ్ పోయడానికి కింద షీట్లు, పోట్లు నిలబెట్టించే మనిషి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి విషయాలు కొన్ని మార్చాను. ఇక్కడ ఆయన్ని మేస్త్రీ అనే అంటాను.

నేపథ్యం

ఇరవై ఏళ్ళకు పైగా సిగరెట్లు. రోజుకి 18 దాకా, స్లాబ్ వేసే రోజైతే లెక్కే లేదు. పొద్దున ఐదింటికి లేస్తారు, మంచం దిగకముందే మొదటిది వెలుగుతుంది. చలికాలం దగ్గు రెండు నెలలైనా తగ్గలేదని వచ్చారు. ఎక్స్‌రే బాగానే ఉంది, ఊదించి చూస్తే గాలి గొట్టాలు కొంచెం బిగుసుకున్నట్టు తేలింది. అసలు భయం దగ్గు గురించి కాదని కాసేపటికి అర్థమైంది. అంతకు నెల ముందు వాళ్ళ అన్నకి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆయనా సిగరెట్ మనిషే.

నికోటిన్‌కి ఎంత అలవాటు పడ్డారో తెలుసుకోవడానికి ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నలు ఆరు అడుగుతాం, మొత్తం పది మార్కులు. మేస్త్రీకి 7 వచ్చాయి. లేచిన ఐదు నిమిషాల్లోపు మొదటి సిగరెట్ కాలిస్తేనే 3 మార్కులు పడతాయి. ఎన్ని కాలుస్తారు అనేదానికంటే మొదటిది ఎప్పుడు కాలుస్తారు అనేదే నాకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్న. రాత్రంతా నికోటిన్ అందక ఒళ్ళు ఎంత ఖాళీ అవుతోందో అది చెబుతుంది. నికోటిన్ రెండు గంటలకు సగం చొప్పున రక్తంలోంచి దిగిపోతుంది మరి.

"మానడం నాకు కొత్తేం కాదండీ, ఏటా మానతా" అన్నారు మేస్త్రీ. ఆరేళ్ళుగా అయ్యప్ప మాల వేస్తున్నారు. మాల వేసిన 41 రోజులూ ఒక్క దమ్ము ముట్టరు. మాల తీసిన సాయంత్రం బడ్డీకొట్టు దగ్గర ఉంటారు. నవ్వుతూ చెప్పారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ మాట దగ్గర ఇంకో ప్రశ్న అడిగి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

మొదటి ప్రయత్నం: తగ్గించుకుంటూ రావడం

ఒక్కసారిగా ఆపేస్తే పనిలో చేతులు ఆడవని ఆయన భయం. ఎత్తు మీద పని, కింద పదిమంది మనుషులు. ఆ భయంలో అర్థం ఉందనిపించి సరే అన్నాను. మూడు వారాల్లో 18 నుంచి 12, 8, 4, ఆ తర్వాత సున్నా అని వేళలు కూడా రాసిచ్చాను. 12 దాకా ఇబ్బంది లేదు. 8 దగ్గర బండి ఆగిపోయింది. మూడో వారం చివరికి 20 కాలుస్తున్నారు.

"ఇదివరకు సిగరెట్ గుర్తొస్తే కాల్చేవాణ్ణండీ. ఇప్పుడు రోజంతా దాన్నే తలుచుకుంటన్నా. ఫోన్‌లో టైమ్ చూసుకోడమే సరిపోతంది" అన్నారు.

తగ్గిస్తూ మానినవాళ్ళు నా దగ్గర లేకపోలేదు. అయితే 2016లో ఇంగ్లండ్‌లో సుమారు 700 మందితో చేసిన ట్రయల్‌లో, నాలుగు వారాలకు చూస్తే ఒక్కసారిగా ఆపినవాళ్ళలో 49 శాతం, రెండు వారాలు తగ్గించుకుంటూ వచ్చి ఆపినవాళ్ళలో 39 శాతం నిలబడ్డారు. ఆ లెక్క తెలిసి కూడా ఆయన భయానికి నేను తలొగ్గాను. ఇప్పుడాలోచిస్తే, నేను రాసిచ్చిన వేళల కాగితమే ఆయన్ని గడియారానికి కట్టేసింది.

రెండో ప్రయత్నం: ప్యాచ్, గమ్, ఒక ఉపన్యాసం

ఈసారి ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపేద్దామన్నాను. మందు ఏది ఇవ్వాలన్నది కాస్త ఆలోచించాల్సి వచ్చింది. బుప్రోపియాన్ మంచి మాత్రే కానీ మేస్త్రీకి పద్దెనిమిదేళ్ళప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట, కాబట్టి ఇవ్వకూడదు. పొగ మానడానికిచ్చే ఇంకో మాత్ర వరెనిక్లిన్ విషయంలోనూ ఫిట్స్ వచ్చినవాళ్ళకి జాగ్రత్త అనే హెచ్చరిక ఉంది. వేరే దారి ఉన్నప్పుడు ఆ పేచీ ఎందుకని పక్కన పెట్టాను. మిగిలింది నికోటిన్‌నే పొగ లేకుండా ఇవ్వడం. 24 గంటలూ నిదానంగా అందడానికి ఒంటికి అంటించే 21 మిల్లీగ్రాముల ప్యాచ్, ఉన్నట్టుండి యావ పుట్టినప్పుడు 2 మిల్లీగ్రాముల గమ్. రెండూ కలిపితే ఒక్కదానికంటే బాగా పనిచేస్తాయి.

పుస్తకం ప్రకారం తప్పేం లేదు. కానీ ఆ పుస్తకం రాసినవాళ్ళు మే నెలలో మిద్దె మీద ఇనుప షీట్ల మధ్య నిలబడి పని చెయ్యలేదు. చెమటకి ప్యాచ్ పదకొండింటికల్లా ఊడిపోయేది. భుజం మీద నుంచి నడుం పక్కకి మార్చాం, అక్కడా నిలవలేదు. రెండో రోజు ఊడినదాన్ని ఎక్కడ పడేశారో ఆయనకే తెలియదు.

గమ్ సంగతి ఇంకోలా ఉంది. "నోరంతా మంట, ఎక్కిళ్ళు, దాంతో పని జరగట్లేదు" అన్నారు. బబుల్‌గమ్‌లా గబగబా నమిలి ఊట మింగేశారన్నమాట. మింగిన నికోటిన్ చాలామటుకు కాలేయం దగ్గరే విరిగిపోతుంది, పొట్టలో మంట మాత్రం మిగులుతుంది. మందుల షాపులో ఎవరూ చెప్పలేదన్నారు. వాళ్ళ సంగతి సరే, నేనైనా ఎదురుగా కూర్చుని నమిలించి చూపించాల్సింది.

వీటికి తోడు నా ఉపన్యాసం. "ఏటా 41 రోజులు ఉండగలిగిన మనిషికి ఇదొక లెక్కా?" అని గట్టిగా చెప్పాను. ధైర్యం వస్తుందనుకున్నాను. ఆయన ముఖం ముడుచుకుంది. "అప్పుడు స్వామి చూసుకున్నాడండీ. ఇప్పుడు నేనేగా" అన్నారు. నా మాట ఆయనకి 'నీకు చేతనవును, కావాలనే చెయ్యట్లేదు' అన్నట్టు వినిపించింది.

నాలుగో రోజు సాయంత్రం మొదలెట్టేశారు. ఎక్కడి నుంచి వచ్చింది సిగరెట్ అని అడిగితే, పనిముట్ల పెట్టెలో ఒకటి దాచారట. "తాగుదామని కాదు, ధైర్యానికి."

ఏ రోజు ఎక్కువ లాగింది?

వారం తర్వాత ఆయన బీపీ చూపించుకోవడానికి వచ్చారు. సిగరెట్ ఊసెత్తకూడదనుకున్నాను. ఆ రోజు క్లినిక్‌లో జనం లేరు. ఊరికే కుతూహలం కొద్దీ అడిగాను: "మాలలో ఉన్నప్పుడు లాగుడు ఏ రోజుల్లో ఎక్కువ ఉంటుంది?" లాగుడు అన్నది ఆయన మాటే. నేను అనుకున్న జవాబు మొదటి మూడు రోజులు. నికోటిన్ మానినవాళ్ళకి రెండు మూడు రోజులకి బాధ శిఖరానికి చేరుతుంది, ఆపైన రెండు నుంచి నాలుగు వారాల్లో దిగుతుంది. ఎవరిని అడిగినా అదే చెబుతారు.

మేస్త్రీ ఆలోచించి చెప్పారు. "మొదట్లో తల దిమ్ముగా ఉంటది, అంతే. తాగాలని ఉండదండీ. ఇరుముడి కట్టుకుని రైలెక్కాక మొదలవుద్ది. తిరుగు ప్రయాణంలో అయితే ప్రాణం లాగేస్తది."

అంటే నలభై రోజుల తర్వాత! ఆ పాటికి ఒంట్లో నికోటిన్ చుక్క ఉండదు. మందు లెక్క ప్రకారం అప్పుడు అసలు లాగకూడదు. ఇజ్రాయెల్‌లో విమాన సిబ్బందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధన ఒకటి గుర్తొచ్చింది. ప్రయాణం చిన్నదైనా, పది గంటలు దాటినదైనా, విమానం దిగే వేళ దగ్గరపడ్డప్పుడే వాళ్ళకి యావ పెరిగింది. సిగరెట్ తాగి ఎంతసేపైంది అనేదానికంటే మళ్ళీ తాగడానికి ఎంతసేపుంది అనేదే ఎక్కువ పట్టి లాగిందన్నమాట.

మేస్త్రీ కథంతా ఒక్కసారిగా అర్థమైంది. మాల వేసిన రోజున తలుపు మూసుకుపోతుంది. తాగనా వద్దా అన్న బేరమే ఉండదు. బేరం లేని చోట లాగుడూ తక్కువే. 41వ రోజు దగ్గరపడే కొద్దీ తలుపు సందు తెరుచుకుంటుంది. నా మొదటి పథకంలో రోజుకి ఎనిమిదిసార్లు తలుపు తెరిచాను. రెండోసారి ఆయన పనిముట్ల పెట్టెలో తలుపు ఓరగా ఉండిపోయింది. ఒంటి బాధని మాత్రమే చికిత్స చేస్తూ, ఈ బేరాన్ని నేను గాలికి వదిలేశాను.

మూడో ప్రయత్నం

మరైతే జీవితాంతం దీక్షలా ఉండమని ఒట్టు వేయించవచ్చు కదా? వాళ్ళావిడ అదే అడిగింది, గుడికి తీసుకెళ్ళి ప్రమాణం చేయిస్తానంది. నేను వద్దన్నాను. ఒకటి, ఎవరి భక్తినీ మందు చీటీ మీద రాసే హక్కు నాకు లేదు. రెండు, ఒట్టుకి ఒక్క దమ్ముతో భంగమైపోయే గుణం ఉంది. మానిన కొత్తలో ఒకటి రెండు దమ్ములు జారడం మామూలే. భంగమైపోయింది అనుకున్న మనిషి మిగతా పెట్టె కూడా ఖాళీ చేస్తాడు. ఈ రెండో భయం ఊరికే పోలేదని తర్వాత తెలిసింది.

దీక్షలోంచి దేవుణ్ణి ఆయనకే వదిలేసి, మిగతా ఏర్పాట్లు ఏమేం పనిచేస్తున్నాయో ఇద్దరం కూర్చుని విప్పుకున్నాం. మాలలో ఉంటే లేవగానే చన్నీళ్ళ స్నానం, కాబట్టి మొదటి సిగరెట్ స్థానం మారిపోతుంది. నల్లబట్టలు చూసి ఎవరూ సిగరెట్ ఇవ్వరు, పైగా ఆయన ముందు కాల్చేవాళ్ళు కూడా చెయ్యి వెనక్కి పెట్టుకుంటారు. పిలుపే మారిపోతుంది, అందరూ స్వామీ అంటారు. టీ బంకు దగ్గర నిలబడే పని ఉండదు. ఇంట్లో, పెట్టెలో, జేబులో ఎక్కడా ఒక్కటి ఉండదు.

నల్లబట్టలు తప్ప మిగతావి దాదాపు అన్నీ అరువు తెచ్చుకోవచ్చు. లేవగానే నేరుగా స్నానం. మానిన మొదటి రోజు పొద్దున్నే పనివాళ్ళందరి ముందూ చెప్పాలి, తన ముందు పెట్టె తీసినవాడికి ఆ రోజు టీ డబ్బులు కట్ అని. ఈ జరిమానా ఆయన ఆలోచనే. ధైర్యానికి దాచిన సిగరెట్ నా ఎదుటే తుంపి చెత్తబుట్టలో వేశారు. మరీ కష్టమైతే 1800-11-2356కి ఫోన్ చెయ్యమన్నాను. పొగాకు మానేవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఉచిత లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుందంటే ఆయన ఆశ్చర్యపోయారు. ఇరవై ఏళ్ళు చేతిలో పట్టుకున్న వస్తువుని చదివింది లేదు.

ప్యాచ్ మానేశాం. లేచిన అరగంటలోపు కాల్చేవాళ్ళకి సరిపోయేది 4 మిల్లీగ్రాముల గమ్, అది రాశాను. ఈసారి నా ముందే నమిలించాను. నాలుగైదుసార్లు మెల్లగా నమలడం, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవడం, ఘాటు తగ్గాక మళ్ళీ నమలడం. అరగంట అలాగే. దానికి పావుగంట ముందు నుంచీ నీళ్ళు తప్ప ఇంకేం తాగకూడదు, లేదంటే బుగ్గలోంచి నికోటిన్ సరిగా ఎక్కదు. యావ వచ్చాక వెతుక్కోకుండా, మొదటి వారం గంటకొకటి చొప్పున వేసుకోమన్నాను.

ఇక లాగుడు వచ్చిన ప్రతిసారీ ఒక గీత గియ్యమన్నాను. మేస్త్రీ చెవి మీద పెన్సిల్ ఎప్పుడూ ఉంటుంది. మొదటి రోజు ఒక చెక్క మీద 23 గీతలు. ఫోన్‌లో టైమ్ పెట్టి చూస్తే అన్నిటికంటే పొడుగుది ఏడు నిమిషాలు, చాలావరకు మూడు నాలుగే. "రోజంతా లాగుద్దనుకున్నానండీ, లెక్కేస్తే గంటన్నర కూడా లేదు" అన్నారు. రెండో రోజు 26. మూడో రోజు 21. నాలుగో రోజు లెక్క మాత్రం నా దగ్గర లేదు, ఆ చెక్క బీమ్ కింద మేకులు కొట్టించుకుని వెళ్ళిపోయింది.

ఆరో రోజు

ఇక్కడ నా రెండో తప్పు. గీతలు 14కి దిగాయి, కానీ మనిషి బాగా లేడు. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, గుండె దడ, అందరి మీదా కేకలు. ఐదో రోజు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఆలోచించకుండా "అది మానిన ప్రభావమే, గమ్ ఇంకో రెండు పెంచండి" అన్నాను. మర్నాడు ఇంకా ఎక్కువైంది, టెన్షన్ పడుతూ క్లినిక్‌కే వచ్చేశారు.

నాడి చూస్తే 104. అంతకుముందు నా కాగితాల్లో 88 ఉంది. అక్కడ ఆగాను. పొగ మానినవాళ్ళకి కోపం, నిద్రలేమి, నిలకడ లేకపోవడం అన్నీ వస్తాయి కానీ నాడి వేగం తగ్గాలి. ఇది పెరిగింది. అంటే ఇంకేదో ఉంది.

"టీ ఎన్ని తాగుతున్నారు?" రోజూ ఆరు తాగే మనిషి, ఇప్పుడు పన్నెండు. లాగినప్పుడల్లా టీ. పైగా గమ్ బుగ్గన ఉండగానే టీ. అందుకే సగంసార్లు అది పనిచెయ్యలేదు.

సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. టీ, కాఫీల్లోని కెఫీన్‌ని విరిచేది ఆ ఎంజైమే. పొగ ఆగిన కొద్ది రోజుల్లో దాని జోరు తగ్గిపోతుంది. అదే ఆరు టీలు తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలబడుతుంది. మేస్త్రీ టీలు కూడా రెట్టింపయ్యాయి. లెక్క మీరే వేసుకోండి. నికోటిన్ అందక వచ్చిన వణుకని నేను అనుకున్నది చాలావరకు టీ వణుకే. ఆ దడని ఆయన లాగుడనుకుని ఇంకో టీ తాగడం, నేను నికోటిన్ పెంచడం!

టీ పూర్తిగా ఆపమనలేదు, ఆపితే తలనొప్పి పట్టుకుని దాన్నీ సిగరెట్ లోటు ఖాతాలోనే వేస్తారు. రోజుకి మూడు, సాయంత్రం నాలుగు దాటాక వద్దు, అదీ బంకు దగ్గర నిలబడి కాదు, కుర్రాడితో తెప్పించుకుని పైనే. మిగతాసార్లు మజ్జిగ సీసా. గమ్ మళ్ళీ పాత లెక్కకే తెచ్చాం. మూడు రోజుల్లో నిద్ర పట్టింది, నాడి 82. అప్పటి నుంచి పొగ మానేవాళ్ళెవరొచ్చినా మొదటి రోజే టీ లెక్క అడుగుతున్నాను.

ఇంకో చిన్న సంగతి. పదో రోజు ఒక పనివాడు అరచేతిలో ఖైనీ నలిపి "ఇది పొగ కాదుగా మేస్త్రీ" అని చాపాడట. మేస్త్రీ తీసుకోలేదు. పని చోట ఇలాంటి జాలి ఎక్కువ చూపిస్తారు, ముందే చెప్పి ఉంచాలి.

స్లాబ్ రోజు

పన్నెండో రోజుకి గీతలు ఐదు. పదహారో రోజు స్లాబ్. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలయ్యాక మధ్యలో ఆపడానికి ఉండదు. ఆ రోజు మధ్యాహ్నం మిల్లర్ ఆగిపోయింది, పైన మబ్బు, ఇంటి ఓనరు అరుపులు. రాత్రి ఏడింటికి ఎవరి చేతిలోదో తీసుకుని రెండు దమ్ములు పీల్చారు.

మర్నాడు వచ్చి తల వంచుకుని కూర్చున్నారు. "అయిపోయిందండీ. మొదట్నుంచీ మొదలెట్టాల" అన్నారు. ఒట్టు లేకపోయినా భంగం అన్న ఆలోచన మాత్రం వచ్చేసింది. ఇక్కడ తిట్టినా, పర్లేదులే అని తేల్చేసినా చెడుతుంది. రెండో మాట మళ్ళీ తలుపు తెరుస్తుంది. అందుకని రోజుల లెక్క జోలికి పోకుండా, పని తెలిసిన మేస్త్రీతో మాట్లాడినట్టు మాట్లాడాను. "సెంట్రింగ్‌లో ఒక పోటు జారితే ఏం చేస్తారు?" "అక్కడే ఇంకోటి పెడతామండీ." "స్లాబంతా విప్పరుగా?"

ఏ పోటు జారిందో చూశాం. పొద్దున పదకొండు తర్వాత ఆయనేమీ తినలేదు. గమ్ చొక్కా జేబులో ఉంది, చొక్కా బండి మీద ఉంది. లుంగీ కట్టి పైన తిరుగుతున్నారు. స్లాబ్ రోజున గమ్ మొలలో సంచీలో ఉండాలని, రెండింటికి ఎంత తొందరైనా పది నిమిషాలు దిగి అన్నం తినాలని అనుకున్నాం. తర్వాతి స్లాబులు నాలుగు ఇబ్బంది లేకుండా వెళ్ళాయి.

వాళ్ళావిడకీ ఒక మాట చెప్పాల్సి వచ్చింది. రోజూ సాయంత్రం చొక్కా వాసన చూస్తోంది. పదిమంది కాల్చే చోట పనిచేసే మనిషి చొక్కాకి వాసన ఉండదా? దాని మీద రోజూ గొడవ. చొక్కా మానేసి గీతల లెక్క అడగమన్నాను.

నా పద్ధతిలో మారినవి

దీక్షలు చేసే పేషెంట్లని ఇప్పుడు మెచ్చుకోలుకి వాడుకోను, వివరాలు అడుగుతాను. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళని కూడా అంతే. ఏ పూట లాగింది, ఏ పూట లాగలేదు, అప్పుడు చుట్టూ ఎవరున్నారు. సిగరెట్ ఎక్కడైనా దాచారా అని నేరుగా అడుగుతాను, నూటికి సగం మంది దాస్తారని నా అనుభవం. నాడి చూడకుండా ఫోన్‌లో గమ్ పెంచను. ఎండలో పనిచేసేవాళ్ళకి ప్యాచ్ రాసే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను. ఒక్క కేసుతో అందరికీ ఇదే దారి అనడం లేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ముందు కాల్చేవాళ్ళకి పనివాళ్ళ ముందు ప్రకటన ఏం పనికొస్తుంది?

ఆ తర్వాత

గమ్ మూడో నెల నుంచి తగ్గించాం, ఐదో నెలకి ఆపేశారు. దగ్గు లేదు. నాలుగు కిలోలు పెరిగారు, దాని మీద అలక ఉంది. కార్తీకంలో మళ్ళీ మాల వేశారు. నాకు గుబులు పట్టుకుంది, 41వ రోజు మళ్ళీ వస్తుంది కదా అని. యాత్ర నుంచి వచ్చాక బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు, మాల తీసిన సాయంత్రం ఏం చేశారని అడిగాను.

"చెప్పులేసుకున్నానండీ" అన్నారు.